తిరగచెయ్యి

సోమవారం

బుక్కు వచ్చేసింది! పోస్టతను సైకిల్ దిగకముందే చేతిలోంచి లాక్కున్నాను. "ఏంటమ్మా, ఉద్యోగం వచ్చిందా?" అన్నాడు. "వచ్చినట్టే" అన్నాను. అట్ట మీద వైరింగ్ నియమాలు అని పెద్దక్షరాలు. అట్ట తియ్యగానే కొత్త కాయితం వాసన. అబ్బ!

ఈ డైరీ సంగతి ఇంట్లో చెప్పను. అత్తయ్యకి తెలిస్తే తప్పులు దిద్దుతుంది. మామయ్యకి తెలిస్తే కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చదివి వినిపిస్తాడు. కానీ ఎక్కడో ఒకచోట కక్కకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను.

వచ్చే నెల నుంచి లైసెన్సున్నవాళ్ళు సంతకం పెడితేనే కొత్త ఇంటికి కనెక్షన్ ఇస్తారట. మామయ్య పాత పర్మిట్టు చెల్లదట. అందుకే ఇద్దరం పరీక్షకి కట్టాం. ఇద్దరిలో ఒక్కరికైనా రాకపోతే కొట్టు మూసుకుని పాత ఫ్యాన్లకి ఆయిలేసుకుంటూ కూర్చోవాల్సిందే.

మామయ్యంటే మా అమ్మ తమ్ముడు. చదువు ఆపేసిన రోజు నుంచి ఆయన కొట్లోనే పని, ఆయన మేడ మీదే కాపురం. స్క్రూడ్రైవరు పట్టుకోవడం కూడా ఆయన నేర్పిందే. ఊళ్ళో ఆయన్ని షాక్‌ప్రూఫ్ మేస్త్రీ అంటారు. నన్ను మేస్త్రీ మేనకోడలు అంటారు. ఇప్పటికీ అంతే. తలలో తెల్లవెంట్రుక కనిపించాక కూడా అంతే.

నాకు రాకపోయినా ఫర్లేదు. మామయ్యకి రావాలి.

మంగళవారం

అత్తయ్య మాకు పంతులమ్మ అయ్యింది. ఎవరూ అడగలేదు, తనే అయ్యింది. స్కూలు యూనిఫారాలు కుడుతూ, బుక్కుని కుట్టుమిషను చక్రానికి ఆనించి, ఒక కుట్టుకీ ఇంకో కుట్టుకీ మధ్య ప్రశ్న వేస్తుంది.

"స్విచ్చిని ఫేజు వైరులోనే ఎందుకు పెట్టాలండీ?" అని మామయ్యని అడిగింది.

"లేకపోతే బల్బు మార్చేవాడు ఎగిరి అవతల పడతాడు."

"తప్పు."

"తప్పేంటే? నిజంగా పడతాడు!"

"ఇందులో అలా లేదు. స్విచ్చి ఆపినా పరికరంలో కరెంటు ఉండిపోతుంది కాబట్టి అని ఉంది. సున్నా."

"నేను చెప్పిందీ అదేగా!"

"మీరు ఎగిరి పడటం గురించి చెప్పారు" అని మళ్ళీ మిషను తొక్కింది. నేను పకపకా నవ్వేసరికి సూది నా వైపు తిరిగింది. ఎర్తు వైరుకి ఏ రంగు వాడాలి, ఇంక దేనికీ ఆ రంగు ఎందుకు వాడకూడదు అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. పదికి పది! మామయ్య మొహం చూడాలి.

బుధవారం

నాలుగో అధ్యాయం, ఇన్సులేషన్. ఎంత బాగుందో! ఇంత బాగుంటుందని ఒక్కరూ చెప్పలేదే నాకు.

శుక్రవారం

పన్ను పీకించుకోడానికి వెళ్ళాను. కుర్చీ వెనక్కి వాల్చారు. కళ్ళెదురుగా సీలింగు. సీలింగులో లైటు దగ్గర రెండు వైర్లు పెట్టె బయటే మెలేసి, నల్ల టేపు చుట్టి వదిలేశారు. జాయింటు పెట్టెలోనే ఉండాలి, పెట్టెకి మూత ఉండాలి! ఐదో అధ్యాయం! నోట్లో డాక్టరు రెండు చేతులూ ఉన్నాయి. "ఆఁ ఆఁ" అని పైకి చూపించాను. నొప్పేమో అనుకుని ఇంకో సూది పొడిచాడు.

కుర్చీ దిగాక మొద్దుబారిన మూతితో చెప్పాను. "ఎవరు చేశారండీ వైరింగు?" అన్నాను. ఆయన కార్డు వెతికి ఇచ్చాడు. కార్డు మీద మా కొట్టు పేరే ఉంది.

ఇంటికొచ్చి మామయ్యని నిలదీస్తే, "అది నేను కాదే, ఆ పొడుగోడు చేశాడు. రెండు రోజులే ఉన్నాడు మన దగ్గర" అన్నాడు. వెంటనే నిచ్చెన పట్టించుకెళ్ళి సరిచేసొచ్చాం. పన్ను డాక్టరు, "మీరు పరీక్షకి చదువుతున్నారా, నన్ను చదివిస్తున్నారా?" అన్నాడు. నవ్వబోతే మూతి వంకర పోయింది.

ఈ పరీక్షేమో గానీ లోకమంతా కొత్తగా కనిపిస్తోంది. ఎక్కడికెళ్ళినా తల పైకెత్తే నడుస్తున్నా. ఇవాళ బస్టాపులో స్తంభానికి గుద్దుకున్నాను.

ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. మొదటి నుంచి రాస్తాను.

తొమ్మిదో అధ్యాయంలో ఇలా ఉంది. ఏ వైరునైనా ముట్టుకునే ముందు అందులో కరెంటు లేదని రుజువు చెయ్యాలి. ముందు టెస్టరుని కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూడాలి. తర్వాత పని చెయ్యాల్సిన వైరు మీద. ఆ తర్వాత మళ్ళీ కరెంటున్న చోట, మధ్యలో టెస్టరు చచ్చిపోలేదని. ఇదంతా అయ్యాకే వైరు మీద చెయ్యి వెయ్యాలి. ప్రాక్టికల్స్‌లో ఇది తప్పితే మిగతా పని ఎంత బాగా చేసినా ఫెయిలే.

మా కొట్లో పద్ధతి వేరు. మామయ్య చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపు వైరుకి అలా తగిలించి తీసేస్తాడు. తిరగచెయ్యి అంటాడు దాన్ని. "అరచెయ్యి పెడితే కరెంటు పట్టేస్తుందే అమ్మడూ, తిరగచెయ్యి అయితే విదిలించేస్తుంది" అని నాకు నేర్పిన మొదటి పాఠమే అది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఎవరిని చూసినా ఇట్టే చెప్పొచ్చు, వైరు కనిపిస్తే చాలు చెయ్యి తిరుగుతుంది. నాకూ తిరుగుతుంది. గడప దాటితే చెప్పులేసుకున్నట్టు, ఆలోచించే పనే లేదు.

"మామయ్యా, ఇది మానేద్దాం. ఇవాళ్టి నుంచే" అన్నాను.

"పరీక్ష రోజు మానేస్తాలే."

"ఆ రోజు నీ మాట వినదు ఆ చెయ్యి!"

"నా చెయ్యి నా మాట వినకపోతే ఇంకెవరి మాట వింటుందే? టెస్టరు అబద్ధం చెప్తుంది గానీ నా చెయ్యి ఎప్పుడైనా చెప్పిందా?"

"చెప్పిన రోజు నువ్వుండవు!"

అనేశాను. అత్తయ్య మిషను ఆగిపోయింది. మామయ్య లేచి చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు. అన్నది తప్పు కాదు, అన్న తీరు తప్పేమో. అయినా నాకేం? ఫెయిలయ్యేది ఆయన.

ఇద్దరికీ రావాలి.

మంగళవారం

అత్తయ్య నా కుడిచేతికి యూనిఫారం గుడ్డతో సంచి కుట్టి తొడిగింది. ఎడమచేత్తో టెస్టరు మూడుసార్లూ పెట్టి చూశాకే ముడి విప్పుతుంది. కొలత టేపు పట్టుకుని పక్కనే కాపలా కాస్తోంది, చెయ్యి తిరిగితే టేపుతో ఒక్కటి! ఇవాళ ఎన్ని తిన్నానో లెక్కలేదు. మామయ్య గుమ్మంలో నిలబడి, "వెయ్యి, ఇంకొంచెం గట్టిగా వెయ్యి" అని ఆవిణ్ణి ఎగదోశాడు. అంటే మాటలు కలిశాయి.

ఆయనకీ సంచి కుట్టింది అత్తయ్య. ఆయన దాంట్లో మేకులు పోసుకున్నాడు.

శనివారం

ఇవాళ లాండ్రీలో బోర్డు విప్పుతుంటే చెయ్యి లేచింది, సగంలో దానంతటదే ఆగింది! ఆగింది!! ఇస్త్రీ చేసే అతను, "ఏమైందమ్మా, షాకా?" అని పరిగెత్తుకొచ్చాడు. "కాదండీ, సంతోషం" అన్నాను. అర్థం కాక వెనక్కెళ్ళాడు. దారిపొడుగునా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

గురువారం

రాతపరీక్ష ఇవాళ. పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సులో, ఒకే సీట్లో. భయం లేదు, ఉత్సాహమే. పేపరివ్వగానే ఒక్కసారి కిందివరకూ చూశాను. అన్నీ వచ్చినవే! అన్నీ! పక్కనున్న అమ్మాయి నా వైపు గుర్రుగా చూసింది, పైకే "అమ్మయ్యా" అన్నట్టున్నాను.

మూడు వరసల ముందు మామయ్య వీపు కనిపిస్తోంది. తల వంచి, చిన్నపిల్లాడిలా మోచెయ్యి అడ్డం పెట్టుకుని మరీ రాస్తున్నాడు. ఎవరు చూసి రాస్తారనో!

బయటికొచ్చాక, "స్విచ్చి ప్రశ్న వచ్చింది చూశావా? ఎగిరి పడతాడని రాయలేదు" అన్నాడు.

బుధవారం

ఇద్దరం పాస్! మార్కులు గోడకి అంటించారు. మామయ్యకి నాకన్నా రెండెక్కువ. చాలా సంతోషం. నిజంగా సంతోషం.

ఎలా వచ్చాయసలు?

బుధవారం, మళ్ళీ

అత్తయ్య, "మీ ఇద్దరిలో ఎవరికి మంచి మార్కులొచ్చినా నాకు ఒకటే" అంది. అని, మామయ్యకి రెండోసారి టీ పోసింది. నాకు పొయ్యలేదు. చూశాను నేను. ప్రాక్టికల్స్ ఉన్నాయి కదా, అక్కడ చూద్దాం.

చూద్దాం అంటే, ఇద్దరికీ రావాలనే.

సోమవారం

ప్రాక్టికల్స్ అయిపోయాయి. నాది చాలా బాగా అయ్యింది. మామయ్యది తెలీదు. తలనొప్పి.

సోమవారం, సాయంత్రం

తలనొప్పి ఏం కాదు. రాస్తాను.

ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచారు. మా ఇద్దరిలో ముందు నన్నే. గదిలో గోడకి బోర్డు, పక్కన కరెంటున్న సాకెట్టు, బల్ల మీద పనిముట్లు, మూలన కుర్చీలో ఇంజినీరు. జుట్టంతా నెరిసింది, చేతిలో కాయితాలు, మొహంలో ఏ భావమూ లేదు. "బోర్డులో తప్పు ఎక్కడుందో చూసి సరిచెయ్యండి" అన్నాడు.

బోర్డు మెయిన్ ఆపాను. బల్ల మీది టెస్టరు తీసి ముందు సాకెట్లో పెట్టాను. వెలగలేదు. మళ్ళీ పెట్టాను. వెలగలేదు. సాకెట్లోనే కరెంటు లేదా? నేను ఆపాల్సింది కాక ఇంకేదో ఆపానా? గోడ గడియారం చప్పుడు తలలో కొడుతోంది. కుడిచెయ్యి, నా మీద ఒట్టు, లేచింది. ఒక్కసారి అలా తగిలిస్తే తేలిపోతుంది కదా అన్నట్టు లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాను. నిజంగానే మణికట్టు దగ్గర పట్టుకున్నాను!

"సార్, ఈ టెస్టరు పనిచెయ్యట్లేదు. ఇంకోటి ఇప్పించండి" అన్నాను.

ఆయన ఏదో రాసుకున్నాడు. జేబులోంచి ఇంకో టెస్టరు తీసి ఇచ్చాడు. సాకెట్లో పెట్టగానే ఎర్రగా వెలిగింది. ప్రాణం లేచొచ్చింది! కావాలనే పాడైంది పెట్టారన్నమాట! మిగతాదంతా నల్లేరు మీద నడకే. ఎర్తు వైరు ఊడి ఉంది, బిగించాను, ఇన్సులేషన్ కొలిచే మెగ్గరుతో చూశాను, మూత వేశాను. నేను వెళ్తుంటే ఆయన పాడైన టెస్టరుని మళ్ళీ బల్ల మీదే పెట్టడం చూశాను.

బయట వరండాలో మామయ్య. తర్వాత పేరు ఆయనదే. పిలిచేశారు కూడా. నా పక్కనుంచి లోపలికెళ్తూ, "ఏముందే లోపల?" అన్నాడు.

"ఏం లేదు మామయ్యా, మామూలే" అన్నాను.

లోపలి సంగతులు బయటివాళ్ళకి చెప్పకూడదని గోడ మీద ఇంత పెద్ద కాయితం ఉంది. రూలు అది.

ఆయన వచ్చాక, "ఎలా చేశావ్?" అంటే, "కరెంటు లేదన్నా, కరెక్టే అన్నారు" అన్నాడు. అంతే. బస్సులో కిటికీ వైపు తిరిగి నిద్రపోయాడు.

బుధవారం

రూలు అది.

గురువారం

రూలే. అందులో తిరుగులేదు. రూలు లేకపోయినా నేను చెప్పేదాన్నా? అదే బుర్ర తినేస్తోంది. ఆయన అడగ్గానే నాకు రూలు గుర్తుకు రాలేదు. "రెండు మార్కులెక్కువ" గుర్తుకొచ్చింది. తర్వాతే గోడ మీది కాయితం చూశాను.

నాకు రావాలి. ఇదిగో, రాసేశాను. మామయ్యకి వచ్చినా రాకపోయినా నాకు రావాలి. నా పేరుతో రావాలి. ఎప్పటి నుంచో కావాలి నాకది, ఇప్పుడు పుట్టిన కోరిక కాదు.

రాశాక ఎంత హాయిగా ఉందో. సిగ్గుగా కూడా ఉంది.

సోమవారం

వచ్చింది!!! నాకొచ్చింది! కాళ్ళు నేల మీద లేవు!

మామయ్యకి రాలేదు.

మంగళవారం

నిన్న అంతకన్నా రాయలేకపోయాను. ఫలితాల కాయితం ముందు నేను అరిచిన అరుపుకి ఆఫీసులో వాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. మామయ్య నా భుజం మీద ఒక్కటి చరిచి, "సాధించావే!" అన్నాడు. అప్పుడు కింద ఆయన పేరు వెతికాను. పేరు ఎదురుగా, నిరూపణ చెయ్యకుండా వైరు తాకారు, అని రాసి ఉంది.

ఇంటికొచ్చేదాకా ఆయన గలగలా మాట్లాడుతూనే ఉన్నాడు. అత్తయ్య నన్ను పట్టుకుని ఏడ్చి, ఆయన్ని పట్టుకుని తిట్టింది. ఒక్క మనిషికే రెండూ ఎలా వస్తాయో!

ఇవాళ మధ్యాహ్నం కొట్లో ఆయన ఒక్కడే ఫ్యాను విప్పుతున్నాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇంక ఆగలేక అనేశాను. "మామయ్యా, ఆ టెస్టరు పాడైంది. నాకు తెలుసు. నువ్వు అడిగావు, నేను చెప్పలేదు."

స్క్రూ తిప్పడం ఆపలేదు ఆయన. "పాడైందని నాకు తెలీదనుకున్నావా?"

"ఏంటీ?"

"ముందు సాకెట్లో పెట్టి చూశానే. తొమ్మిదో అధ్యాయం. మీ అత్తయ్య చెవిలో జోరీగలా చెప్పింది కదా. వెలగలేదు."

"మరి ఇంకోటి అడగొచ్చుగా!"

"అడుగుదామనే అనుకున్నా." స్క్రూ తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "అడిగేలోపు ఇది వెళ్ళిపోయింది" అని కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. "కరెంటు లేదు సార్ అని చెప్పేశా. నిజంగానే లేదు. ఆయన కూడా, కరెక్టే, కానీ మీరు వెళ్ళొచ్చు అన్నాడు."

నేను ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఆయన కూడా మొదలెట్టాడు. కొట్టుకి వచ్చిన ఒకావిడ బల్బు కొనకుండానే వెనక్కెళ్ళిపోయింది.

నవ్వు అయిపోయాక నెమ్మదిగా అన్నాడు. "నువ్వు చెప్పినా అంతేనే అమ్మడూ. చెప్పకపోవడమే మంచిదైంది. నిన్ను కూడా బయటికి పంపేసేవాళ్ళు." స్క్రూ పక్కన పెట్టి, "బాధగా ఉందే, లేదని ఎందుకు చెప్పాలి. ఇన్నేళ్ళు చేశాక బాధే" అన్నాడు. ఫ్యాను రెక్కలు పట్టుకున్నాను, ఆయన బిగించాడు.

శుక్రవారం

కుట్టుపని చేసే అక్కాచెల్లెళ్ళ కొత్త ఇంటికి వైరింగు మొత్తం మామయ్యే చేశాడు. నేను వెనకాలే తిరిగి చూశాను. ప్రతి పెట్టె మూతా తీశాను. మెట్ల దగ్గర ఒక జాయింటు వదులుగా ఉంది. చెప్పాను. ఆయన నా మొహంలోకి చూశాడు, నిచ్చెనెక్కాడు. ఎక్కేముందు మెయిన్ ఆపి టెస్టరు తీశాడు, పని కోసం పక్కింటి నుంచి లాగిన సాకెట్లో, వైరు మీద, మళ్ళీ సాకెట్లో. ముక్కు మీద కోపం కనిపిస్తూనే ఉంది. అయినా చేశాడు.

శనివారం

ఆ ఇంటి కనెక్షను కోసం కరెంటాఫీసుకెళ్ళాం. కిటికీ అవతలున్న గుమాస్తా మామయ్యకి పాత పరిచయం. ఎన్నేళ్ళ నుంచో ఇద్దరూ టీలు తాగుతారు. అలవాటుగా కాయితాలు మామయ్య వైపు తోసి, "ఇక్కడ సంతకం పెట్టండి మేస్త్రీ" అన్నాడు. పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు.

మామయ్య పెన్ను తీసుకోలేదు. రెండడుగులు పక్కకి జరిగాడు. నన్ను "ఒసేయ్" అనీ "అమ్మడూ" అనీ తప్ప ఇంకోలా పిలవగా నేనెప్పుడూ వినలేదు.

"నన్ను చూస్తావేంటయ్యా? మేస్త్రీ గారు ఆవిడ. నేను ఆవిడ దగ్గర పని చేస్తున్నా" అన్నాడు.

గుమాస్తా నా వైపు చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాడు. పెన్ను నా చేతికిచ్చి, "ఇక్కడండీ" అన్నాడు.

సంతకం గీత దాటి పక్క గడిలోకి పోయింది. పోతే పోయింది.